మీకు తెలుసా? మెదడు గడ్డ ఆపరేషన్ తర్వాత పట్టే నంజు గురించి కొన్ని సంగతులు

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి వైపు ఎవరికైనా మెదడులో గడ్డ ఉందని స్కానింగులో తేలితే ఇంట్లో మొదట వినిపించే మాట ‘బెంగళూరు నిమ్హాన్స్‌కు పోదాం’. ఆపరేషన్ అయి మనిషి కళ్లు తెరిచి పేరు పెట్టి పిలిస్తే గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. డాక్టర్లు మాత్రం ఆ తర్వాత కూడా కొన్ని వారాలు మరో దాని మీద కన్నేసి ఉంచుతారు. అదే నంజు. కుట్ల దగ్గర చీము పట్టడం, మెదడు పొరలకు ఇన్‌ఫెక్షన్ సోకి మెనింజైటిస్ రావడం, మెదడులోనే చీముగడ్డ కట్టడం, కోసి మళ్లీ అమర్చిన పుర్రె ఎముక పుచ్చడం, ఇవన్నీ దాని రూపాలే. అందరికీ రాదు. ఎవరికి వచ్చే ముప్పు ఎక్కువో చాలావరకు ముందే అంచనా వేయవచ్చు. ఇల్లు చేరాక వస్తే దాన్ని మొదట కనిపెట్టాల్సింది ఇంట్లోవాళ్లే. అందుకే ఈ సంగతులు.

1. గడ్డ దొరికింది, మనిషి దక్కలేదు

1884 నవంబరు 25న లండన్‌లో రిక్‌మన్ గాడ్లీ అనే సర్జన్ పాతికేళ్ల స్కాట్లండ్ రైతు మెదడులోంచి గ్లయోమా గడ్డను తీశాడు. అప్పటికి స్కానింగు మాట అటుంచి ఎక్స్‌రే కూడా పుట్టలేదు. ఫిట్స్ వచ్చిన తీరు, చెయ్యి పట్టు తప్పిన తీరు చూసి గడ్డ ఫలానా చోట ఉండాలని వైద్యులు లెక్కగట్టారు. పుర్రె తెరిస్తే సరిగ్గా అక్కడే ఉంది. రోగి తేరుకున్నాడు కూడా. కానీ నెల తిరగకముందే మెదడు పొరలకు నంజు పట్టి చనిపోయాడు. ఆపరేషన్ గదిలో క్రిములను చంపాలని లోకానికి నేర్పిన జోసెఫ్ లిస్టర్‌కు ఈ గాడ్లీ స్వయానా మేనల్లుడు. మెదడు గడ్డల సర్జరీ చరిత్ర మొదటి పేజీలోనే నంజు పేరు ఉందన్నమాట.

2. యాంటీబయాటిక్స్ పుట్టకముందే నంజును ఆపినవాడు

అమెరికా సర్జన్ హార్వే కుషింగ్ 1931 నాటికి రెండు వేల మెదడు గడ్డలకు ఆపరేషన్లు పూర్తి చేశాడు. పెన్సిలిన్ ఇంకా మందుగా రాలేదు. అయినా ఆయన రోగుల్లో నంజు చాలా తక్కువ. కారణం చేతి పనిలో ఉంది. రక్తం బొట్టు కూడా మిగలకుండా ఆపడం, కణజాలాన్ని నలపకుండా సున్నితంగా పట్టుకోవడం, మెదడు పైపొరను, దాని మీద చర్మం కింది పొరను విడివిడిగా నీరు చొరకుండా కుట్టడం ఆయన పెట్టుకున్న నియమాలు. ఆయన గురువు విలియం హాల్‌స్టెడ్ ఆపరేషన్ గదిలోకి రబ్బరు చేతి తొడుగులు తెచ్చిన మనిషి. ఈ రోజుకీ మందుల కంటే ముందు నిలిచే రక్షణ శుభ్రమైన చెయ్యి, గట్టి కుట్టు.

3. నిమ్హాన్స్ లెక్క ఏం చెబుతోంది?

1974లో ఇప్పటి రూపం తీసుకున్న నిమ్హాన్స్‌కు మన జిల్లా నుంచే కాదు, అనంతపురం, చిత్తూరు వైపు నుంచి కూడా రోగులు వెళ్తారు. అక్కడి వైద్యులు 2001 నుంచి 2008 దాకా జరిగిన 18 వేలకు పైగా న్యూరోసర్జరీ ఆపరేషన్లను పరిశీలించి 2011లో ‘న్యూరాలజీ ఇండియా’ పత్రికలో వివరాలు వెల్లడించారు. ప్రయోగశాలలో క్రిమి పెరిగి రుజువైన మెనింజైటిస్ సుమారు 2.2 శాతం మందిలో కనిపించింది. అంటే వందకు ఇద్దరు. పుర్రె తెరిచిన ఆపరేషన్లకు పాశ్చాత్య దేశాల వైద్య గ్రంథాలు చెప్పే అంకె 0.8 నుంచి 1.5 శాతం.

ఇంకో తేడా కూడా ఉంది. పాశ్చాత్య పుస్తకాల్లో చర్మం మీద ఉండే స్టెఫిలోకాకస్ జాతి ముందుంటుంది. మన దగ్గర సూడోమోనాస్, అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా వంటి గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియాల వాటా ఎక్కువ. సూడోమోనాస్‌కు కాస్త తడి చాలు. అసినెటోబాక్టర్ పొడిగా ఉన్న మంచం కమ్మీ మీద కూడా వారాల తరబడి బతకగలదు. పైగా వీటిలో చాలా రకాలు మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగవు.

4. మెదడు చుట్టూ నీళ్లున్నాయి, కాపలా మాత్రం తక్కువ

మన మెదడు సుమారు 150 మిల్లీలీటర్ల తేట నీటిలో తేలుతూ ఉంటుంది. దాన్ని సీఎస్‌ఎఫ్ అంటారు. రోజుకు అర లీటరు కొత్తగా ఊరుతుంది. అంటే ఉన్న నీరంతా రోజుకు మూడు నాలుగు సార్లు మారిపోతుంది. రక్తంలో ఉన్నట్టు ఈ నీటిలో తెల్లకణాలు, క్రిములను చంపే ప్రొటీన్లు లేవు. ఉన్నవి చాలా కొద్ది. బయట నుంచి ఏదీ రాకుండా శరీరం అంత గట్టి గోడ కట్టుకుంది కాబట్టి లోపల కాపలా అవసరం పడలేదు. ఆపరేషన్ ఆ గోడను తెరుస్తుంది. ఒక్కసారి క్రిమి చొరబడితే దాన్ని అడ్డుకునేవి అక్కడ పెద్దగా లేవు. అదే గోడ రక్తంలోని మందును కూడా సరిగా లోపలికి పోనివ్వదు. చేతికి పట్టిన నంజుకు సరిపోయే డోసు మెదడు పొరలకు చాలకపోవడం అందుకే.

5. అన్నిటికన్నా పెద్ద ముప్పు: నీరు కారడం

ఆపరేషన్ తర్వాత మెనింజైటిస్ ఎవరికి ఎక్కువగా వస్తుందని వెతికిన అధ్యయనాల్లో పదే పదే ముందు వరసలో కనిపించే కారణం సీఎస్‌ఎఫ్ కారడం. కుట్ల సందుల్లోంచి కావచ్చు, ముక్కులోంచి కావచ్చు, చెవిలోంచి కావచ్చు. చెరువు కట్టకు బొరియ పడితే నీరు బయటికి పోవడమే కాదు, కట్టే బలహీనపడుతుంది. ఇదీ అంతే. నీరు బయటికి వచ్చే దారిలోనే క్రిమి లోపలికి పోతుంది.

గుర్తుపట్టడం ఎలా? తలగడ పదే పదే తడుస్తుంది. ముందుకు వంగితే ముక్కులోంచి తేట నీరు బొట్లు బొట్లుగా రాలుతుంది. గొంతులోకి ఉప్పగా ఏదో జారుతున్నట్టు ఉంటుంది. జలుబు చీమిడి ఆరితే గుడ్డ గట్టిపడుతుంది, ఈ నీరు ఆరితే గట్టిపడదు. ఇది పాతకాలపు చిట్కా మాత్రమే. అనుమానం తీరాలంటే ఆ నీటిలో బీటా–2 ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ ఉందేమో ప్రయోగశాలలో చూస్తారు. ‘పడిశం పట్టింది, తగ్గిపోతుందిలే’ అని ఇంట్లో కూర్చుంటే మాత్రం ముప్పును దగ్గరికి పిలిచినట్టే.

6. గడ్డ ఎక్కడుందో దాన్ని బట్టి ముప్పు

తల వెనక, మెడకు పైన చిన్నమెదడు దగ్గర చేసే ఆపరేషన్లలో నీరు కారే అవకాశం ఎక్కువ. అక్కడ పైపొరను నీరు చొరకుండా మూయడం కష్టం, లోపలి ఒత్తిడీ ఎక్కువగా ఉంటుంది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి గడ్డల సంగతి వేరు. వాటిని ఎక్కువగా ముక్కు రంధ్రాల గుండానే తీస్తారు. ఆస్ట్రియా సర్జన్ హెర్మన్ ష్లోఫర్ 1907లోనే ముక్కు దారిన పిట్యూటరీ గడ్డను చేరుకున్నాడు. తల మీద కోత ఉండదు కాబట్టి రోగికి ఇది తేలిక. కానీ ముక్కు ఎప్పుడూ క్రిములుండే చోటు. అందుకే ఈ ఆపరేషన్ అయినవాళ్లను కొన్ని వారాలపాటు గట్టిగా ముక్కు చీదవద్దని, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మమని, బరువులెత్తవద్దని, ముక్కి మలవిసర్జన చేయవద్దని చెబుతారు. పైనుంచి చూస్తే చాదస్తంలా అనిపించే ఈ నియమాలన్నీ లోపల వేసిన అతుకు ఊడకుండా ఉండడానికే.

7. గడియారం కూడా ఒక కారణమే

ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే నంజు ముప్పు పెరుగుతుందని చాలా పరిశీలనల్లో తేలింది. గాయం తెరిచి ఉన్నంతసేపూ గాలిలోని రేణువులు పడుతూనే ఉంటాయి, కణజాలం ఎండిపోతూ ఉంటుంది. అత్యవసరంగా, తయారీకి సమయం లేకుండా చేసిన ఆపరేషన్‌కు ముప్పు ఎక్కువ. రక్తం గడ్డకట్టిందనో, గడ్డ మిగిలిందనో కొద్ది రోజుల్లోనే అదే కోతను మళ్లీ తెరిస్తే ఇంకా ఎక్కువ. అలాగని డాక్టరును ‘తొందరగా ముగించండి’ అనలేం. గడ్డ మెదడులో లోతుగా, రక్తనాళాలకు ఆనుకుని ఉంటే నిదానమే మేలు. అలాంటి ఆపరేషన్ జరిగిన ఇంట్లో తర్వాతి జాగ్రత్త రెండింతలు ఉండాలి.

8. తలలోంచి వచ్చే పైపు, మంచం పక్కన సంచి

మెదడులో నీరు పెరిగి ఒత్తిడి ఎక్కువైతే లోపలికి సన్నని పైపు వేసి నీటిని బయట సంచిలోకి వదులుతారు. ప్రాణం కాపాడే పైపే. కానీ అది లోపలికి తెరిచి ఉంచిన వాకిలి. ఇలాంటి పైపున్నవాళ్లలో సుమారు 8 శాతం మందికి మెనింజైటిస్ వస్తుందని వైద్య సాహిత్యం చెబుతోంది. అయిదు రోజులు దాటి ఉంచితే ముప్పు పెరుగుతుంది. అందుకే వీలైనంత త్వరగా తీసేస్తారు.

వార్డులో పక్కన ఉండే బంధువులు గుర్తుంచుకోవాల్సినది ఒకటే. ఆ సంచి ఎత్తును సిస్టరు కొలిచి కట్టి ఉంటుంది. మంచం తలవైపు ఎత్తాలన్నా, రోగిని కూర్చోబెట్టాలన్నా ముందు సిస్టరును పిలవాలి. సంచి కిందికి దిగితే నీరు ఎక్కువగా పోతుంది, పైకి లేస్తే ఆగిపోతుంది. పైపు అతుకు దగ్గర చెయ్యి పెడితే క్రిమికి మనమే దారి చూపినట్టు.

9. మొక్కు తీర్చుకోండి, ఆపరేషన్ ముందు మాత్రం కాదు

మన వైపు ఆపరేషన్‌కు ముందే తిరుపతికి పోయి గుండు కొట్టించుకుని రావాలనుకునే కుటుంబాలు ఉన్నాయి. నున్నగా గీయిస్తే శుభ్రంగా ఉంటుందనే నమ్మకం కూడా ఉంది. నిజం దీనికి ఎదురుగా ఉంది. మంగలి కత్తి గానీ బ్లేడు గానీ చర్మం మీద కంటికి కనిపించని గాట్లు పెడుతుంది. ఆ గాట్లలో బ్యాక్టీరియా పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం వెంట్రుకలు తీయకుండానే ఉంచాలి, తప్పదనుకుంటే క్లిప్పర్‌తో కత్తిరించాలి, బ్లేడుతో గీయకూడదు. తలలో సగం జుట్టుతోనే రోగి బయటికి వస్తే ‘ఇదేం ఆపరేషన్’ అని అనుమానపడనక్కర్లేదు. కోత పడే చోట మాత్రమే వెంట్రుకలు తీయడం ఇప్పుడు మామూలే. ఆపరేషన్‌కు ముందు సబ్బుతో ఒళ్లంతా, తలంతా శుభ్రంగా స్నానం చేయించడం మాత్రం అదే మార్గదర్శకాల్లో ఉన్న మంచి మాట. మొక్కు దేవుడికి బాకీ ఉండనీయండి, కుట్లు పూర్తిగా మానాక డాక్టరును అడిగి తీర్చుకోవచ్చు.

10. పది రోజుల మందు కంటే ఒక్క గంట ముందు పడ్డ డోసు మేలు

నంజు రాకుండా ఇచ్చే యాంటీబయాటిక్ కోత పెట్టేసరికి రక్తంలో నిండుగా ఉండాలి. కోతకు 120 నిమిషాల లోపు ఇవ్వాలని, సెఫజోలిన్ వంటివైతే ఇంకా దగ్గరగా ఇవ్వాలని చెబుతారు. ఆపరేషన్ ఎక్కువసేపు సాగితే మధ్యలో మరో డోసు పడుతుంది. అది ముగిశాక రోజుల తరబడి పొడిగించడం వల్ల నంజు తగ్గుతుందనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. అలా పొడిగిస్తే మందుకు లొంగని క్రిములే మిగులుతాయి. డిశ్చార్జి చీటీలో యాంటీబయాటిక్ లేదంటే డాక్టరు మర్చిపోయాడని కాదు. నంజు ఉన్నవాళ్లకు ఇచ్చే చికిత్స వేరు, అది వారాల పాటు సాగుతుంది.

11. జ్వరాన్ని దాచిపెట్టే మాత్ర

మెదడు వాపు తగ్గించడానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. 1961లో అమెరికాలోని మిన్నెసోటాలో దీని ప్రభావాన్ని చూపాక మెదడు గడ్డ ఉన్న రోగుల పాలిట వరమైంది. తలనొప్పి, వాంతులు రోజుల్లోనే తగ్గిపోతాయి. కానీ ఈ మాత్ర రెండు పనులు చేస్తుంది. ఒకటి, శరీరం నంజుతో పోరాడే శక్తిని తగ్గించి జ్వరాన్ని కూడా అణిచేస్తుంది. కాబట్టి స్టెరాయిడ్ తీసుకుంటున్న మనిషికి జ్వరం లేదంటే నంజు లేదని అర్థం కాదు. రెండు, అంతకుముందు షుగర్ లేనివాళ్లకు కూడా షుగర్ పెంచుతుంది. షుగర్ ఎక్కువైతే గాయం మానదు, క్రిమి బలపడుతుంది. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే రోజూ చూసి రాసిపెట్టండి. అయితే భయపడి మాత్రను మీ అంతట మీరు ఆపకూడదు. ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డోసు ఎలా తగ్గించాలో డాక్టరే రాసిస్తారు.

12. క్రిమి లేని మెనింజైటిస్ కూడా ఉంది

ఆపరేషన్ అయిన కొన్ని రోజులకు జ్వరం వస్తుంది, మెడ బిగుసుకుంటుంది, తలనొప్పి పెరుగుతుంది. నీరు తీసి పరీక్షిస్తే కణాలు నిండుగా ఉంటాయి, క్రిమి మాత్రం ఎంత వెతికినా దొరకదు. సీఎస్‌ఎఫ్‌లో కలిసిన రక్తం, గడ్డలోంచి జారిన పదార్థం పొరలను రేపడం వల్ల ఇలా జరుగుతుంది. చిన్నమెదడు వైపు ఆపరేషన్లలో, పిల్లల్లో ఇది ఎక్కువ. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ నీటిలో లాక్టేట్ అనే పదార్థం లీటరుకు 4 మిల్లీమోల్స్ దాటితే బ్యాక్టీరియా మీద అనుమానం బలపడుతుంది. తేలేదాకా యాంటీబయాటిక్ ఇచ్చి, క్రిమిని పెంచి చూసే పరీక్ష అయిన కల్చర్‌లో ఏమీ పెరగకపోతే ఆపేస్తారు. నిన్న మొదలుపెట్టిన మందును నేడు ఆపారంటే డాక్టర్లు తికమకపడుతున్నారని కాదు, పరీక్ష తన పని చేసిందని.

13. ఇంటికి వచ్చాక కూడా మూడు నెలల గడువు

పుర్రె ఆపరేషన్ తర్వాత వచ్చే మెనింజైటిస్‌లో సుమారు మూడో వంతు మొదటి వారంలో, మూడో వంతు రెండో వారంలో, మిగిలినది ఆ తర్వాత బయటపడుతుంది. చాలామంది అప్పటికే ఊరు చేరి ఉంటారు. అందుకే ఆసుపత్రుల లెక్కల్లో పుర్రె తెరిచిన ఆపరేషన్ తర్వాత లోతున వచ్చే నంజును 90 రోజుల దాకా గమనిస్తారు.

ఇంకా ఆలస్యంగా వచ్చేవి కూడా ఉన్నాయి. మొటిమలకు కారణమైన క్యూటిబాక్టీరియం యాక్నెస్ అనే క్రిమి అందరి చర్మం మీదా ఉంటుంది. అది చాలా నిదానంగా పెరుగుతుంది. వారాలు, నెలలు గడిచాక కుట్టు దగ్గర చిన్న పొక్కులా లేచి చీము కారుస్తుంది. ప్రయోగశాలలో దీన్ని పట్టుకోవాలంటే కల్చర్‌ను పది రోజులైనా ఉంచాలి. కోసి తిరిగి అమర్చిన ఎముకకు కొంతకాలం రక్తప్రసారం ఉండదు కాబట్టి క్రిమి అక్కడ స్థిరపడితే మందు చేరడం కష్టం. చాలాసార్లు ఆ ఎముక ముక్కను తీసేసి, నంజు పూర్తిగా తగ్గిన కొన్ని నెలలకు టైటానియం పలకో ఎముక సిమెంటో అమరుస్తారు.

14. పప్పు తింటే చీము పడుతుందా?

పడదు. ఆపరేషన్ అయిన మనిషికి కందిపప్పు, గుడ్డు, వంకాయ పెడితే నంజు ఎక్కుతుందని మన ఇళ్లలో పెద్దవాళ్లు గట్టిగా నమ్ముతారు. చారు మెతుకుల మీదే నెల గడిపించే ఇళ్లూ ఉన్నాయి. చీముకు కారణం బ్యాక్టీరియా. కూరగాయ కాదు, పప్పు కాదు. గాయం మానాలంటే శరీరానికి ప్రొటీన్ కావాలి. ఒంట్లో ప్రొటీన్ తగ్గి నీరసించినవాళ్లలోనే కుట్లు విడిపోవడం, నంజు పట్టడం ఎక్కువ. రాగి ముద్దతో పాటు గట్టి పప్పు, గుడ్డు, పెరుగు, తినేవాళ్లయితే కోడికూర పెట్టండి. షుగర్ ఉంటే ముద్ద పరిమాణం తగ్గించి పప్పు, కూరలు పెంచండి. అసలు పథ్యం వేరే ఉంది. కుట్ల మీద పసుపు, విభూది, కొబ్బరినూనె, ఆకు పసరు ఏదీ పెట్టకూడదు. పొగాకు మానాలి. బీడీ, సిగరెట్ గాయానికి అందే రక్తాన్ని తగ్గిస్తాయి.

15. క్రిమి రోగి ముక్కులోనే ఉండవచ్చు

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో సుమారు 30 శాతం మంది ముక్కులో స్టెఫిలోకాకస్ ఆరియస్ కాపురం ఉంటుంది. మామూలుగా ఏమీ చేయదు. కోత పడ్డాక అదే చర్మం మీదుగా గాయంలోకి చేరవచ్చు. అందుకే కొన్నిచోట్ల ఆపరేషన్‌కు ముందు ముక్కులో దూదిపుల్లతో పరీక్ష చేసి, క్రిమి ఉంటే ముపిరోసిన్ లేపనం పెడతారు.

మిగిలిన దారి చేతులు. ఊర్లో ఒకరికి ఆపరేషన్ అయిందంటే జీపు నిండా జనం పలకరించడానికి పోవడం మన మర్యాద. ప్రతి చెయ్యీ రోగి నుదురు తాకుతుంది, కట్టు సవరిస్తుంది. మనిషి మీద ప్రేమ ఉంటే దూరం నుంచి పలకరించాలి. దగ్గర ఉండేవాళ్లు ఒక్కరే ఉండాలి, తాకిన ప్రతిసారీ ముందూ వెనకా చేతులు కడగాలి. ఇంట్లో ఆవులు, గొర్రెలు చూసేవాళ్లు, పట్టుపురుగులు మేపేవాళ్లు ఆ పని నుంచి వచ్చి నేరుగా కట్టు ముట్టుకోకూడదు.

16. మందుల షాపు మాత్ర చేసే చెరుపు

ఊరికి వచ్చాక జ్వరం రాగానే మందుల షాపులో ఒక యాంటీబయాటిక్ స్ట్రిప్ కొనడం చాలా తేలిక. నష్టం తర్వాత తెలుస్తుంది. ఆ మాత్ర మెదడు పొరల్లోని క్రిమిని చంపలేదు. కానీ దాన్ని కొంత అణిచి, బెంగళూరులో నీరు తీసి కల్చర్ పెడితే ఏమీ పెరగకుండా చేస్తుంది. క్రిమి ఏదో, దానికి ఏ మందు పనిచేస్తుందో తెలియక డాక్టర్లు చీకట్లో వెతకాల్సి వస్తుంది. మొండి క్రిమి అయితే రక్తంలోకి ఎక్కించే మందు చాలక కోలిస్టిన్ వంటి వాటిని నేరుగా మెదడు గదుల్లోకి పంపే పరిస్థితి కూడా వస్తుంది. కొన్న మాత్ర ధర తక్కువే, దాని వల్ల పోయే రోజుల ఖరీదు చాలా ఎక్కువ.

17. మట్టిలోంచి వచ్చిన మందులు, అందులో ఒక తెలుగువాడి చెయ్యి

తల ఆపరేషన్ తర్వాతి నంజుకు ఎక్కువగా వాడే వాంకోమైసిన్ 1950లలో బోర్నియో అడవి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దొరికింది. అంతకుముందే 1948లో ఆరియోమైసిన్ అనే మొదటి టెట్రాసైక్లిన్ వచ్చింది. అది అమెరికాలోని మిస్సోరి మట్టి నుంచి తీసినది. బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆ మందు వెనక ఉన్న లెడర్లీ పరిశోధనశాలకు సారథి భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన బృందం నుంచే మెథోట్రెక్సేట్ కూడా వచ్చింది. మెదడులో వచ్చే లింఫోమా అనే ఒక రకం గడ్డకు ఇవాళ్టికీ అదే ప్రధాన ఔషధం.

18. గడ్డ మందే గాయాన్ని మాననివ్వదు

ఆపరేషన్ తర్వాత చాలామందికి రేడియేషన్ అవసరమవుతుంది. మన వైపువాళ్లు దానికోసం తరచుగా నిమ్హాన్స్ పొరుగునే ఉన్న కిద్వాయ్ ఆసుపత్రికి వెళ్తారు. రేడియేషన్ తగిలిన చర్మం పలచబడుతుంది, చిన్న రక్తనాళాలు తగ్గిపోతాయి. గడ్డ తిరగబెట్టి అదే చోట మళ్లీ కోయాల్సి వస్తే కుట్లు మానడం కష్టమై నంజు ముప్పు పెరుగుతుంది. గడ్డకు రక్తం అందకుండా చేసే బెవాసిజుమాబ్ అనే మందు కూడా అంతే, గాయానికి కావాల్సిన కొత్త రక్తనాళాలను కూడా ఆపేస్తుంది. అందుకే పెద్ద ఆపరేషన్ తర్వాత కనీసం 28 రోజులు ఆగి, గాయం మానిందని చూసుకున్నాకే అది ఇస్తారు. ‘గడ్డ తీసి ఇన్ని రోజులైంది, తర్వాతి మందు మొదలుపెట్టరేం’ అని కంగారుపడేవాళ్లకు జవాబు ఇదే.

19. నంజు మంచిదని నమ్మిన డాక్టర్లు

నంజు పట్టిన కొందరు గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ రోగులు అనుకున్నదానికంటే ఎక్కువ కాలం బతికారని 1999లో ఒక నివేదిక వచ్చింది. రోగనిరోధక శక్తి మేల్కొని గడ్డ మీద కూడా పడుతుందేమో అనే ఆశ పుట్టింది. ఆ ఆశతో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో ఇద్దరు న్యూరోసర్జన్లు ముగ్గురు రోగుల మెదడు గాయంలోకి, వాళ్ల అంగీకారంతోనే, కావాలని బ్యాక్టీరియా ఎక్కించారు. సరైన అనుమతులు లేవని తేలి విశ్వవిద్యాలయం వారిని ఆపింది, 2013లో ఇద్దరూ రాజీనామా చేశారు. తర్వాతి పరిశీలనలు ఒకదానితో ఒకటి పొసగలేదు. నంజు ఆయుష్షు పెంచుతుందని ఇప్పటికీ రుజువు కాలేదు. రోగిని బలహీనపరిచి, రేడియేషన్‌ను వాయిదా వేయిస్తుందనేది మాత్రం అందరూ ఒప్పుకునే మాట.

20. గడ్డ అనుకుంటే నంజు, నంజు అనుకుంటే గడ్డ

స్కానింగులో ఉంగరంలా మెరిసేది అన్నిసార్లూ క్యాన్సర్ కాదు. చీముగడ్డ అలాగే కనిపిస్తుంది. క్షయ వల్ల మెదడులో ఏర్పడే ట్యూబర్‌క్యులోమా, పంది బద్దెపురుగు పిల్లదశ చేరి కట్టే తిత్తి కూడా అలాగే ఉండవచ్చు. మన దేశంలో న్యూరోసర్జరీ మొదలైన తొలి దశాబ్దాల్లో మెదడులో తీసిన గడ్డల్లో క్షయ గడ్డలదే పెద్ద వాటా. ఇప్పుడు ఎంఆర్ఐలో డిఫ్యూజన్ అనే పద్ధతితో చీమును చాలావరకు వేరుగా గుర్తిస్తున్నారు. ఆపరేషన్ అయినచోటే కొత్త ఉంగరం కనిపిస్తే గడ్డ తిరగబెట్టిందని గుండె జార్చుకోవాల్సిన పని లేదు. అది మందులతో, ఒక చిన్న ఆపరేషన్‌తో నయమయ్యే చీము కూడా కావచ్చు.

ఇంటి గోడకు రాసిపెట్టుకోండి

బెంగళూరుకు చిక్కబళ్లాపురం నుంచి సుమారు 60, చింతామణి నుంచి 75, బాగేపల్లి నుంచి 100 కిలోమీటర్లు. నగరం దాటి నిమ్హాన్స్ చేరడానికి ఇంకా సమయం పడుతుంది. చింతామణివాళ్లకు దగ్గరపడే వైట్‌ఫీల్డ్‌లో 2001 నుంచి సత్యసాయి ఆసుపత్రి న్యూరోసర్జరీని ఉచితంగా చేస్తోంది. ఎక్కడ చేయించుకున్నా ఈ కిందివాటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకండి.

కుట్ల దగ్గర ఎరుపు, వాపు, చీము, దుర్వాసన, లేదా కుట్టు విడిపోవడం. కుట్లలోంచి గానీ ముక్కు, చెవిలోంచి గానీ తేట నీరు. జ్వరం, చలి. తగ్గుతున్న తలనొప్పి మళ్లీ పెరగడం, మెడ బిగుసుకోవడం, వెలుతురు చూడలేకపోవడం. మత్తుగా పడి ఉండడం, పొంతన లేని మాటలు, కొత్తగా ఫిట్స్. కుట్టిన చోట మెత్తగా ఉబ్బు.

ముందు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి. మనిషి మత్తులో ఉన్నా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేసి దగ్గరి ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టుకుని అక్కడి నుంచి బెంగళూరుకు కదలండి. డిశ్చార్జి చీటీ, స్కానింగు సీడీ, వాడుతున్న మందుల పేర్లు ఒకే సంచిలో పెట్టి అందరికీ తెలిసిన చోట ఉంచండి. దారిలో మందుల షాపు దగ్గర మాత్రం ఆగకండి.